దీవులకు ఏ నెలలో వెళ్లాలి: టికెట్లు కొనేముందు చూసుకోవాల్సినవి

• తుఫాను నెలలు. కరీబియన్‌లో హరికేన్ల (అక్కడి పెను తుఫాన్ల) కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఉధృతం ఎక్కువ. హిందూ మహాసముద్రంలోని మారిషస్, రీయూనియన్‌లకు నవంబరు–ఏప్రిల్. అప్పుడే వెళ్లక తప్పదంటే డబ్బు వాపసొచ్చే బుకింగే చేయండి, బీమా కూడా ఆ రోజే తీసుకోండి. తుఫానుకు పేరు పెట్టేశాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుఫాను నష్టాన్ని భరించదు. కరీబియన్‌లోనే అరుబా, కురసావో దీవులు హరికేన్ల దారికి దక్షిణంగా ఉంటాయి కాబట్టి ముప్పు బాగా తక్కువ.

• దేశం కాదు, తీరం చూడండి. థాయ్‌లాండ్‌లోనే పడమటి తీరంలోని ఫుకెట్‌కు మే–అక్టోబరు వానలు, తూర్పు వైపున్న కో సముయ్‌కి అక్టోబరు–డిసెంబరు.

• వానకన్నా సముద్రం ముఖ్యం. గంటసేపు దంచి వెలిసే వానతో పెద్ద ఇబ్బంది లేదు. కెరటాలు లేస్తేనే చిక్కు: పడవలు ఆగిపోతాయి, నీళ్లు కలకబారి స్నోర్కెలింగ్‌లో (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి లోపల చూడటంలో) ఏమీ కనబడదు.

• దేనికోసం వెళ్తున్నారు? మాల్దీవుల్లో పొడి నెలలు జనవరి–ఏప్రిల్. అక్కడి హనిఫారు బేలో మాంటా రేలు (రెక్కల్లాంటి మొప్పలున్న పెద్ద చేపలు) మాత్రం నైరుతి రుతుపవనాల కాలంలోనే గుమిగూడతాయి, వాటి ఆహారమైన ప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్న జీవులు) అప్పుడే అక్కడ పోగవుతుంది. అవి చూడాలంటే వానకు సిద్ధపడాల్సిందే, ఆ ఇబ్బంది పడినా నిజంగా తగినదే.

• కరీబియన్ తీరాలకు వేసవిలో సర్గాసమ్ నాచు కొట్టుకొస్తుంది, కుళ్లి కంపు కొడుతుంది. హోటల్ తాజా ఫొటోలు అడగండి.

• బాలిలో న్యేపి (అక్కడి హిందువుల మౌన దినం) రోజు, ఎక్కువగా మార్చిలో, విమానాశ్రయం 24 గంటలు మూత.