బెజవాడ నుంచి అమరావతికి గుంపుగా సైకిల్ మీద

ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దగ్గర కరకట్ట ఎక్కితే అమరావతి సుమారు 35 కిలోమీటర్లు. వేసవిలో తెల్లవారుజామున 5కే కదలండి, 10 దాటితే తిరుగుదారి నరకమే. చీకట్లో వెనక ఎర్రలైటు తప్పనిసరి.

కట్ట ఇరుకు, ఒకరి వెనక ఒకరే వెళ్లాలి. మీ ముందు చక్రాన్ని ముందు వెళ్తున్నవాళ్ల వెనక చక్రం పక్కకు చేరనివ్వొద్దు. వాళ్లు గుంత తప్పించబోతే పడేది మీరే. నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందుంచండి, పంక్చర్ సామాను చివరివాళ్ల దగ్గర.

ఇక తుమ్మముళ్లు. ట్యూబ్ మార్చేముందు టైరు లోపలంతా గుడ్డతో తడమండి. మొన మిగిలితే కొత్త ట్యూబూ పోతుంది. 32 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు 60-65 పీఎస్ఐ గాలి చాలు.

గంటకు అరలీటరుకు తగ్గకుండా నీళ్లు, ఒక సీసాలో ఓఆర్ఎస్. టిఫిను ఇడ్లీయే, పూరీ తింటే తొక్కలేరు.