మోకాలి మార్పిడి తర్వాత: ఇవాళ ఎంత చేయాలో వాపే చెబుతుంది

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎక్కువగా బెంబేలెత్తేది మొదటి రోజు కాదు, రెండో రోజో మూడో రోజో. ఆపరేషన్ అయిన సాయంత్రమో మర్నాడో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తారు, నొప్పి పెద్దగా తెలియదు, 'ఇంతేనా' అనుకుంటారు. అదంతా మత్తు చలవ. నరానికి ఇచ్చిన బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే మందు), కీలు చుట్టూ చేసిన మత్తు ఇంజెక్షన్లు ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి. వాపు పెరిగేదీ అప్పుడే. దాంతో కాలు కదపాలంటేనే భయమేస్తుంది. ఆపరేషన్ ఏదో తేడా కొట్టిందనుకోనక్కర్లేదు. మందులు మాత్రం నొప్పి వచ్చేదాకా ఆగి కాకుండా డాక్టర్ రాసిన వేళకే వేసుకోవాలి. ముదిరిన నొప్పిని దించడానికి మాత్రలూ ఎక్కువ కావాలి, సమయమూ ఎక్కువ పడుతుంది. వ్యాయామానికి ముప్పావుగంట ముందు మాత్ర పడేలా వేళలు కుదుర్చుకుంటే ఇంకా మంచిది.

ఈ ఆపరేషన్‌లో తొడ ఎముక కింది కొసనూ కాలి ఎముక పై కొసనూ కోసి లోహపు భాగాలు అమరుస్తారు, రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. సాధారణంగా ఆ కొత్త కీలు మొదటి రోజు నుంచే మీ బరువు మోయగలదు. మానాల్సింది దాని చుట్టూ కోసి కుట్టిన కండ, కీలు పొర, చర్మం. వీటన్నిటి మీదా పెత్తనం వాపుది. కీలులో నీరు నిండితే తొడ ముందు కండరానికి నరాల ద్వారా వెళ్లే ఆదేశమే తగ్గిపోతుంది. అందుకే 'కాలు ఎత్తండి' అన్నప్పుడు ఎంత పట్టుదలగా ప్రయత్నించినా కాలు మంచానికి అంటుకుపోయినట్టు ఉంటుంది. అది బలహీనత కాదు, బద్ధకం అసలే కాదు. వాపు దిగితే కండరం పలుకుతుంది.

వాపు దించడం

ఐస్ ప్యాక్‌ను పలచటి గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. రోజుకు నాలుగైదు సార్లు, ముఖ్యంగా వ్యాయామం అయిన వెంటనే. నేరుగా చర్మం మీద వద్దు. కోత పక్కన కొంత మేర స్పర్శ ఉండదు కాబట్టి చర్మం చలికి కమిలినా తెలియదు.

పడుకున్నప్పుడు మడమ గుండె కంటే ఎత్తులో ఉండాలి. దిండ్లు మడమ కింద, పిక్క కింద పెట్టాలి, మోకాలి కింద ఖాళీగా వదిలేయాలి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే. మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటుంది, నిద్రా పడుతుంది. ఆ హాయి చాలా ఖరీదైనది. కొంచెం వంగిన భంగిమలోనే రాత్రులు గడిస్తే లోపలి కణజాలం ఆ వంపులోనే బిగుసుకుంటుంది. కాలు పూర్తిగా చాచలేని మనిషికి ప్రతి అడుగులోనూ తొడ కండరం బిగబట్టే ఉండాలి, కాబట్టి కాసేపు నడిస్తేనే తొడ అలసిపోతుంది, కుంటు మిగిలిపోతుంది. మడవడం మెల్లగా నెలల తరబడి మెరుగవుతూనే ఉంటుంది. చాచడం మాత్రం మొదటి వారాల్లోనే సాధించుకోవాలి.

మొదటి రెండు వారాలు కాళ్లు వేలాడేసి ఏకధాటిగా అరగంటకు మించి కూర్చోవద్దు.

వ్యాయామాలు

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని పైకీ కిందకీ 20 సార్లు ఆడించండి. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఇది సాయపడుతుంది.

తర్వాతది తొడ బిగింపు. వెల్లకిలా పడుకుని మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగాన్ని మంచానికేసి నొక్కండి. 5 సెకన్లు పట్టి ఉంచి వదలండి. 10 సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. సరిగ్గా చేస్తున్నారో లేదో మోకాలిచిప్పను చూస్తే తెలుస్తుంది. కండరం నిజంగా పట్టుకుంటే చిప్ప తొడ వైపు కొద్దిగా జరుగుతుంది. చిప్ప కదలకుండా పిరుదు మాత్రమే బిగుసుకుంటే అది లెక్కలోకి రాదు. రెండో తొడ మీద అదే పని చేసి తేడా గమనించి, మళ్లీ ప్రయత్నించండి.

ఇది పట్టుబడ్డాకే కాలు నిటారుగా ఎత్తడం. రెండో మోకాలు మడిచి, ఆపరేషన్ అయిన కాలిని ఒక అడుగు ఎత్తుకు లేపి 5 సెకన్లు ఆపండి. లేపేటప్పుడు మోకాలు కొంచెమైనా వంగిపోతే ఇంకా సమయం రాలేదని అర్థం, తొడ బిగింపు దగ్గరికే వెనక్కి వెళ్లండి.

మడవడానికి మడమ కింద ప్లాస్టిక్ కవర్ వేసుకుంటే జారుతుంది. పాదానికి తువ్వాలు తగిలించి లాగుతూ మడమను పిరుదు వైపు జరపండి. బిగువు తగిలిన చోట 10 సెకన్లు ఆగి, వదిలి, మళ్లీ. కుర్చీలో అయితే పాదాన్ని వీలైనంత వెనక్కి లాగి నేలకు ఆనించి, పాదం కదలకుండా తుంటిని ముందుకు జరపండి. పడుకుని రాని నాలుగైదు డిగ్రీలు ఇలా వస్తాయి. బిగువు ఉండాలి, పళ్లు బిగబట్టేంత నొప్పి ఉండకూడదు. ఎవరో గట్టిగా నొక్కి వంచితే ఆ పూటకు కొంత వంగుతుంది, మర్నాటికి వాపొచ్చి అంతకంటే ఎక్కువే పోతుంది.

సుమారుగా రెండు వారాలకు 90 డిగ్రీలు, ఆరు వారాలకు 110 దగ్గరికి వస్తే బాగా సాగుతున్నట్టే. మెట్లకు దాదాపు 90, తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేవడానికి 105 చుట్టుపక్కల కావాలి. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదన్నది చివరికి ఎంత వంగుతుందో చాలావరకు తేల్చేస్తుంది. పక్కింటివాళ్ల మోకాలితో పోల్చుకుంటే మనశ్శాంతి పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎగుడుదిగుళ్లను చదవడం

రెండు మూడు వారాల మధ్య ఒక దిగుడు వస్తుంది. బలమైన నొప్పి మాత్రలు తగ్గిస్తారు, వ్యాయామం పెంచుతారు, రాత్రి నిద్ర ఉండదు. నిద్ర కుదురుకోవడానికి చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇంకో దిగుడు నాలుగో వారం తర్వాత. కాస్త ఓపిక వచ్చిందని ఒకేరోజు ఇంటి పనులన్నీ పెట్టుకుంటారు, మర్నాడు కాలు దుంగలా అవుతుంది.

అందుకని ఒక టేపు దగ్గర పెట్టుకోండి. రోజూ పొద్దున్నే మంచం దిగకముందు కాలు చాచి, మోకాలిచిప్ప మధ్యగా చుట్టుకొలత తీసి రాయండి. నిన్నటికంటే సెంటీమీటరు పెరిగి, మోకాలు వేడిగా, బిగుతుగా ఉంటే నిన్న చేసింది ఎక్కువైంది. అప్పుడు నడక సగానికి తగ్గించండి. 20 నిమిషాల చొప్పున రెండుసార్లు నడిచి ఉంటే ఇవాళ 10 చొప్పున రెండుసార్లు. మడవడం, చాచడం మాత్రం మెల్లగా కొనసాగించాలి. పూర్తిగా ఆపేసి మంచమెక్కితే వాపు తగ్గుతుంది కానీ మోకాలు బిగుసుకుంటుంది. కొలత మామూలుకు వచ్చాక మళ్లీ పెంచండి, ఒకసారికి ఒక్కటే: నడక పెంచిన రోజు మెట్లు పెంచవద్దు.

మడవడాన్ని కొలవడానికి కుర్చీలో కూర్చుని పాదం వెనక్కి లాగి, బొటనవేలు ఎక్కడికి వచ్చిందో నేల మీద గుర్తు పెట్టండి. చాచడానికైతే గట్టి పరుపు మీద పడుకుని మోకాలి కింద అరచెయ్యి దూర్చి చూడండి. రెండో కాలి కింద కంటే సులువుగా దూరుతుంటే ఇంకా పని ఉంది. ఈ గుర్తులు వారానికోసారి చూస్తే చాలు, రోజూ చూస్తే నిరుత్సాహమే. వాపు తక్కువగా ఉన్నా రెండు వారాలుగా గుర్తు జరగకపోతే సర్జన్‌కు చెప్పండి. మత్తు ఇచ్చి మోకాలు వంచే ప్రక్రియ ఒకటుంది, అది సాధారణంగా మొదటి 12 వారాల్లో చేస్తేనే ఎక్కువ ఫలితం.

నడక, మెట్లు

చేతికర్ర ఆపరేషన్ అయిన కాలి వైపు కాకుండా రెండో వైపు చేతిలో ఉండాలి. చెయ్యి కిందకు వదిలేస్తే మణికట్టు దగ్గరి గీత ఎంత ఎత్తులో ఉందో, కర్ర పిడీ అంతే ఉండాలి. అడుగు మడమతో మొదలుపెట్టి వేళ్లతో ముగించండి. కర్ర వదలడానికి తేదీ చూసుకోవద్దు, కుంటు పోయాకే వదలండి. కుంటుతూ నడిచే అలవాటు ఒకసారి పడితే వదిలించుకోవడం చాలా కష్టం.

ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ అయిన కాలు. కర్ర ఎప్పుడూ ఆపరేషన్ కాలితో పాటే.

ఏది మామూలు, ఏది కాదు

కమిలిన రంగు చీలమండదాకా జారడం, మోకాలు నెలల తరబడి వెచ్చగా ఉండటం, నడుస్తుంటే లోపల టక్కుమని చప్పుడు, కోతకు బయటి వైపు కొంత మేర చర్మం మొద్దుబారడం: ఇవన్నీ మామూలే. ఆ మొద్దుబారిన చోటు కాలక్రమంలో చిన్నదవుతుంది, కొందరికి కొంత మిగులుతుంది. బలమైన నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే అడగండి. పారాసిటమాల్ ఒకటి కంటే ఎక్కువ మాత్రల్లో కలిసి ఉండొచ్చు, అన్నీ కలిపి చూసుకోండి. రక్తం పలచబడే మందు వాడుతుండగా సొంతంగా ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోవద్దు.

పిక్క ఒక్కసారిగా వాచి నొక్కితే నొప్పి పుడితే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే నిమిషం కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. గాయం ఆరిపోయాక మళ్లీ తడి కావడం, ఎరుపు పాకడం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, తగ్గుతున్న నొప్పి హఠాత్తుగా పెరగడం కనిపిస్తే ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ వేసుకోవద్దు. కీలులోని నీరు తీసి పరీక్షించకముందే మందు పడితే ఏ క్రిమి ఉందో దొరకదు, చికిత్స దారి తప్పుతుంది.

కొంచెం ఆగాల్సినవి

కదలని సైకిల్‌కు సీటు ఎత్తు పెంచుకుని మొదట పెడల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. వంపు 110 దగ్గరికి వచ్చేసరికి పూర్తి చుట్టు దానంతటదే తిరుగుతుంది. కుడి కాలికి ఆపరేషన్ అయితే కారు నడపడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, మత్తు కలిగించే మాత్రలు పూర్తిగా మానేసి ఉండాలి. మోకాళ్ల మీద ఆనడం చాలామందికి ఇబ్బందిగానే ఉంటుంది. గాయం పూర్తిగా మానాక సర్జన్ సరేనంటే ముందు పరుపు మీద, తర్వాత మెత్తటి దిండు మీద కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవచ్చు.