నోరు తెరిచి నిద్రపోయే పిల్లలు: క్లిప్పుల కంటే ముందు ముక్కు చూపించండి

ఎత్తుపళ్లు వస్తున్నాయని మా అబ్బాయిని ఏడో ఏట పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ ముందుగా అడిగింది "రాత్రి గురక పెడతాడా?" అని. పెడతాడు. ఆడి ఆడి అలసిపోయాడని సరిపెట్టుకునేవాళ్లం.

ఏం గమనించాలి?
నిద్రలో నోరు తెరిచే ఉంటుంది, దిండు మీద సొంగ మరకలు, గురక, పొద్దున్నే ఎండిపోయిన నోరు, కళ్ల కింద నలుపు. టీవీ చూసేటప్పుడు కూడా పెదాలు కలవవు. జలుబు చేసిన నాలుగు రోజులు ఎవరైనా నోటితోనే పీలుస్తారు, దానికి టెన్షన్ వద్దు. జలుబు లేకపోయినా వారాల తరబడి ఇలాగే ఉంటే మాత్రం వదిలేయకండి.

ముఖం ఎందుకు మారుతుంది?
నోరు మూసుకుని ముక్కుతో పీల్చేటప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని ఉంటుంది. బుగ్గలు బయటి నుంచి నొక్కుతుంటే నాలుక లోపలి నుంచి ఆపుతుంది, అందువల్ల పై దవడ వెడల్పుగా పెరుగుతుంది. నోటితో పీల్చాలంటే నాలుక కిందికి దిగాల్సిందే. అప్పుడు అంగిలి ఇరుకై గోపురంలా పైకి లేస్తుంది, పళ్లకు చోటు చాలదు, కింది దవడ ముందుకు పెరగాల్సింది కిందికీ వెనక్కీ జరిగి ముఖం పొడుగవుతుంది. వంశం నుంచి వచ్చే పోలిక కూడా ఉంటుంది, అన్నీ ముక్కు వల్లే అనను. కానీ ఎగిల్ హార్వోల్డ్ అనే శాస్త్రవేత్త కోతిపిల్లల ముక్కులు మూసి గమనిస్తే వాటి దవడలు, పళ్ల వరస నిజంగానే మారాయి.

గురక ఎక్కువ, తుమ్ములు తక్కువ
అడినాయిడ్స్ (టాన్సిల్స్ లాంటి మెత్తటి కండ) పెరిగి ఉండొచ్చు. ఇవి ముక్కు వెనక ఉంటాయి కాబట్టి నోరు తెరిపించి చూస్తే కనబడవు, ఈఎన్‌టీ డాక్టరు ఎక్స్‌రేతోనో ఎండోస్కోపీతోనో చూస్తారు. కొందరికి కొన్ని వారాలు ముక్కులో కొట్టే స్ప్రే వాడితే తగ్గుతుంది, కొందరికి ఆపరేషన్ కావాలి. నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే ఫోన్‌లో వీడియో తీసి వెంటనే డాక్టరుకు చూపించండి.

తుమ్ములు, దురద, అరచేత్తో ముక్కు పైకి రుద్దుకోవడం
అలర్జీ. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకండి. పిల్లలు పడుకునే గదిలో దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ ఆపేయండి (ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చజెప్పడమే కష్టం, అయినా చెప్పండి). దిబ్బడ వెంటనే విప్పే చుక్కలు రోజుల తరబడి సొంతంగా వాడితే దిబ్బడ తిరగబెడుతుంది.

ముక్కు ఒక్క వైపు నుంచే కంపు కొట్టే చీమిడి
చింతపిక్కో పూసో దూర్చుకుని ఉంటారు. మీరు పుల్లతో తీయబోకండి. బటన్ బ్యాటరీ (వాచీల్లో ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) అనే అనుమానం ఉంటే ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ముక్కు తెరుచుకున్నా నోరు మూయట్లేదు
అది అలవాటు, దవడ కూడా అప్పటికే ఇరుకై ఉండొచ్చు. పై దవడ మధ్యలో ఉండే అతుకు యుక్తవయసుకు ముందైతే తేలిగ్గా విడుతుంది, అందుకే దవడ వెడల్పు చేసే పరికరం ఆ లోపు పెట్టిస్తే మంచిది. ఆన్‌లైన్‌లో చూసి పిల్లల నోటికి టేపు మాత్రం అంటించకండి, ముక్కు మూసుకుపోయి ఉంటే ఊపిరి ఆడదు.

మా వాడికి అడినాయిడ్స్ తీయించాం. గురక ఆగిన మొదటి రాత్రి నేనూ మా ఆవిడా రెండుసార్లు లేచి, ఊపిరి తీస్తున్నాడా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాం. పగలు మాత్రం "పెదాలు కలుపు నాన్నా" అని గుర్తుచేస్తూ ఇంకో ఆరు నెలలు గడిచాయి.