ముక్తినాథ్ యాత్ర: పెద్దవాళ్లను తీసుకువెళ్లే ముందు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

"అలిపిరి నుంచి నడిచి కొండెక్కినదాన్ని, నాకు ముక్తినాథ్ ఒక లెక్కా!" బయలుదేరే ముందు అమ్మ అన్న మాట ఇది. నేపాల్‌లోని ఈ విష్ణు క్షేత్రానికి మూటాముల్లె సర్దుకుంటున్న చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మాటే అంటారు. వాళ్ల ఓపికను శంకించనక్కరలేదు. కానీ తిరుమలలో కష్టమంతా మెట్లది, ముక్తినాథ్‌లో కష్టం గాలిది.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. నేపాల్‌లో పొఖరా ఊరే దాదాపు అంత ఎత్తు. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది. తిరుమల మీద మరో మూడు తిరుమలలు పేర్చినా ఇంకా కొంత ఎక్కాలన్నమాట. అక్కడ ఒక్కో ఊపిరిలో అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. గుడి దగ్గరి ఊరు రాణీపౌవా దాకా జీపు వెళ్తుంది కాబట్టి కాళ్లకు శ్రమ తెలియదు. ఆ సుఖమే మోసం చేస్తుంది. శరీరం కొత్త గాలికి అలవాటు పడేలోపే మనం పైకి చేరిపోతాం.

మేము చేసిన పొరపాటు అదే. పొఖరాలో చీకటితో బయలుదేరి, రాత్రికి రాణీపౌవా చేరి, అక్కడే పడుకున్నాం. కాసేపటికి చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని చీర కొంగు చింపిన పీలికతో నుదురు బిగించి కట్టుకుంటోంది. కంచంలో అన్నం అలాగే ఉంది. తలనొప్పా అని అడిగితే "లేదురా, చలికి" అంది. అర్ధరాత్రి దాటాక వాంతి అయింది. అప్పుడు చెప్పింది, మధ్యాహ్నం నుంచే తల పగిలిపోతోందని. "చెబితే దర్శనం కాకుండానే దింపేస్తారని భయమేసిందిరా" అంది. ఆ చీకట్లోనే జీపు మాట్లాడి జోమ్‌సోమ్‌కు దించాం. సుమారు వెయ్యి మీటర్లు దిగేసరికి తనంతట తనే టీ అడిగింది. ఒక రోజంతా అక్కడే ఉండి, తలనొప్పి పూర్తిగా పోయాక మర్నాడు పొద్దున మళ్లీ పైకి వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి దిగి వచ్చాం.

అందుకే ప్రయాణం ఖరారు చేసేటప్పుడు ముందు అడగవలసింది హోటల్ గదుల గురించి కాదు, ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటారని. పొఖరా తరువాత మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఆగండి. రెండూ 2,700 మీటర్లకు అటూఇటూగా ఉంటాయి. అక్కడి నుంచి పొద్దున వెళ్లి దర్శనం చేసుకుని సాయంత్రంలోపు దిగిపోతే పెద్దవాళ్లకు ఎంతో మేలు. హెలికాప్టర్లో పొఖరా నుంచి నేరుగా వెళ్లేవారు పైన ఎక్కువసేపు ఉండకూడదు. ఇంకాసేపు కూర్చుంటామని పైలట్‌ను బతిమాలకండి.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం మొదటి గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగాలి. నడకలో తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం రావడం, దగ్గితే నురగతో కూడిన కళ్లె పడటం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు తెల్లవారనీ అని ఆగవద్దు. ఆక్సిజన్ సిలిండర్ ఉన్నా అది దారిలో ఆసరాకే, అసలు మందు కిందికి దిగడమే. జోమ్‌సోమ్‌లో ఆసుపత్రి ఉంది. "ఎలా ఉంది?" అని ఊరికే అడిగితే మన అమ్మలు "బాగానే ఉంది" అనే అంటారు. ఎంత తిన్నారో చూడండి, నాలుగడుగులు తిన్నగా వేయించి చూడండి. బయలుదేరే ముందే ఒక మాట ఇవ్వండి: బాగాలేదని చెబితే దర్శనం పోదు, ఒక రోజు వాయిదా పడుతుందంతే. ఆ ఒక రోజును ప్రయాణంలో ముందే ఖాళీగా ఉంచండి.

గుండె జబ్బు, ఉబ్బసం, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు బయలుదేరడానికి నెల ముందే వైద్యుడిని కలవాలి. ఎత్తుకు అలవాటు పడటానికి వాడే అసిటజోలమైడ్ మాత్ర గురించి అప్పుడే అడగండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. నిద్ర మాత్రలు, మద్యం వద్దు. దర్శనమయ్యే దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకూడదనే నియమం కొండ కిందే వదిలేయండి. మధుమేహానికి మాత్ర వేసుకుని ఉపవాసం ఉండటం మరీ ప్రమాదం. దారిలో మరుగుదొడ్డి దొరకదని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. జీపు ఎక్కడెక్కడ ఆపాలో డ్రైవరుతో ముందే మాట్లాడుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

గుడి వెనుక 108 నీటి ధారలు, ఎదురుగా రెండు కుండాలు (నీటి గుండాలు). దివ్యదేశాలనే 108 వైష్ణవ క్షేత్రాలలో సాలగ్రామంగా పేరున్న చోటు కాబట్టి అన్ని ధారల కిందా తడవాలని ప్రతివారికీ ఉంటుంది. అది మంచు కరిగిన నీరు, ఒంటికి తగిలితే ఊపిరి ఆగినట్లవుతుంది. పెద్దవాళ్లు ప్రతి ధార కిందా చెయ్యి చాపి, ఆ నీటిని తల మీద చల్లుకుంటే చాలు. పరుగెత్తనివ్వకండి, కింద రాళ్లు జారుతాయి. తువ్వాలు, పొడి బట్టలు, ఉన్ని టోపీ పట్టుకుని ఒకరు పక్కనే నిలబడాలి. ఇది బౌద్ధులకు కూడా పుణ్యస్థలం. గర్భాలయంలో సేవ చూసుకునేది బౌద్ధ సన్యాసినులు. వారితో గౌరవంగా మెలగండి.

కాళీగండకి లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి రేగుతుంది. మధ్యాహ్నానికి ఇసుక కళ్లలో కొడుతుంది. సాలగ్రామాల కోసం నది ఒడ్డున వెతకాలనుకుంటే ఉదయమే వెళ్లండి, ముఖానికి గుడ్డ, కళ్లజోడు ఉంచుకోండి. ఆ గాలి వల్లే పొఖరా-జోమ్‌సోమ్ చిన్న విమానాలు పొద్దున్నే తిరుగుతాయి. మబ్బు పట్టి విమానం రద్దయితే సిబ్బందితో గొడవ పడకండి. 2022 మే 29న ఆ దారిలో ఒక విమానం కొండను ఢీకొని అందులోని 22 మందీ చనిపోయారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఆ నెలల్లో వెళ్లవద్దనే నా సలహా. 2024 జూలై 12 తెల్లవారుజామున నేపాల్‌లోని చిత్వన్ జిల్లా సిమల్‌తాల్ వద్ద కొండచరియ విరిగిపడి రెండు బస్సులను త్రిశూలి నదిలోకి నెట్టేసింది. అరవై మందికి పైగా గల్లంతయ్యారు. ఏ కాలంలో వెళ్లినా కొండ దారుల్లో రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. మార్చి నుంచి మే వరకు, అక్టోబరు, నవంబరు అనుకూలం. మన కార్తీకమాసం ఇందులోకే వస్తుంది, కాకపోతే దసరా, దీపావళి నేపాలీలకూ పెద్ద పండుగలే. జీపులు, టికెట్లు ముందే చూసుకోవాలి.

భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుది ఉండాలి. ఆధార్‌ను మాత్రమే నమ్ముకుని వెళ్లకండి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంత అనుమతి పత్రం పొఖరాలోనే తీసుకోండి, ఫోటోలు దగ్గర పెట్టుకోండి. మన వంద రూపాయలకు 160 నేపాలీ రూపాయలు వస్తాయి. వంద నోట్లే తీసుకువెళ్లండి, పైన ఫోను చెల్లింపుల మీద ఆధారపడలేం. బీమా తీసుకుంటే అంత ఎత్తు నుంచి హెలికాప్టర్లో దింపే ఖర్చు అందులో ఉందో లేదో చదివి చూడండి.

ఇంకొకటి, నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది. నాన్నగారి చేతిగడియారం ఖాట్మండులో దిగగానే మార్చండి, జోమ్‌సోమ్ విమానం మన టైముకు ఆగదు.