పాత డ్రిల్ రైఫిల్ కర్రకు అవిసె నూనె

మా బరంపురంలో వానాకాలం వస్తే చాలు, పాత డ్రిల్ రైఫిళ్ల (కవాతు సాధనకే వాడే, పేల్చని తుపాకుల) కర్ర భాగం బూజు పట్టేస్తుంది, చాలామంది వెంటనే ఉప్పుకాగితం పెట్టి రుద్దేస్తారు. దయచేసి అలా చేయకండి, కర్రలో కొట్టిన డీపీ (డ్రిల్ పర్పస్) ముద్ర, పాత రంగు రెండూ పోతాయి, మళ్లీ రావు. పొడి నూలుగుడ్డతో బూజు తుడిచి, పచ్చి అవిసె నూనె అర చెంచా అరచేతిలో వేసుకుని కర్ర కాస్త వెచ్చబడేదాకా రుద్దండి. పావుగంట ఆగి, పైన మిగిలిన నూనె పూర్తిగా తుడిచేసి ఒక రోజంతా గాలికి ఆరనివ్వండి. అంతే. వార్నిష్ వేసిన కర్రకు మాత్రం ఇది పనికిరాదు, నూనె లోపలికి దిగక జిగటగా ఉండిపోతుంది. ఆ నూనెగుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు, నీళ్లలో తడిపి ఆరుబయట పరిచి ఆరేయండి.