జనరేటర్ మీద చల్లన, రేవు కరెంటు మీద ఉక్కపోత

మే నెల, చెన్నై హార్బరు. నేను చూసుకునే పడవలో ఏసీ సముద్రం మీద, పడవ జనరేటర్‌తో బాగానే పనిచేస్తుంది. రేవుకు కట్టి ఒడ్డు కరెంటు తగిలిస్తే మాత్రం పది నిమిషాలకే కంప్రెసర్ ఆగిపోతుంది.

ముందు నీటి దారిని అనుమానించాను. ఈ ఏసీ తన వేడిని గాలికి కాక ఉప్పునీటికి వదులుతుంది. ఆ నీటిని వడకట్టే జల్లెడ విప్పితే నాచు, పాలిథీన్ ముక్కలు. కడిగి బిగించాక బయటి గొట్టంలోంచి నీళ్లు ధారగా పడ్డాయి. సంబరపడ్డాను. కంప్రెసర్ మళ్లీ ఆగింది.

పిలిపించిన మెకానిక్ గ్యాసు నింపాలన్నాడు. జనరేటర్ మీద చక్కగా నడిచేదానికి గ్యాసు లోపం ఎక్కడిది? అతన్ని పంపించేసి మల్టీమీటర్ తీశాను. ఏసీ ఆపి ఉంటే 228 వోల్టులు. కంప్రెసర్ అందుకోగానే 208, వేడెక్కే కొద్దీ 198. అక్కడ తక్కువ వోల్టేజీ రక్షణ దాన్ని ఆపేస్తోంది. ఏసీ ఆపి మాత్రమే కొలిచి ఉంటే ఈ జబ్బు ఎప్పటికీ దొరికేది కాదు.

ఇంతలో మా శ్రీకాకుళం కుర్రాడు అన్నాడు: "సార్, ప్లగ్గు కాలిపోతోందండి!"

రేవు బ్రేకర్ ఆపి ఊడదీశాం. ఒక పిన్ను నల్లబడి, చిలుము పట్టి ఉంది. పైగా ఎవరో మహానుభావుడు ఒడ్డు కరెంటు కేబుల్‌ను 30 మీటర్ల సన్నని 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో పొడిగించాడు. వోల్టులు ఈ రెండు చోట్లే పోతున్నాయి. ప్లగ్గు, సాకెట్టు రెండూ మార్చి, 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 12 మీటర్లు వేశాను. ఎర్త్ కూడా సరిచూశాను, చుట్టూ నీళ్లు కదా. ఇప్పుడు కంప్రెసర్ నడుస్తుండగా 220 వోల్టులు. ఆ మధ్యాహ్నం కుర్రాడు కేబిన్‌లో దుప్పటి అడిగాడు.