రాజుల నాటి రాతప్రతిని చూడటం ఎలా? ఒక బైండరు పద్ధతి

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నాకు బైండింగు కొట్టు ఉంది. ఎవరు పాత పుస్తకం తెచ్చినా అట్ట తర్వాత, ముందు కుట్టు చూస్తాను. మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక రాతప్రతి ఫొటోలు చూపించింది. అవధ్ నవాబు ఇచ్చిన కానుకగా 1799లో ఇంగ్లండు రాజు మూడో జార్జికి చేరిన పుస్తకమట. ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. అందులోవి హెరాత్ (ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని ఊరు) కవి అలీషేర్ నవాయీ చగతాయి తుర్కీలో, అంటే మధ్య ఆసియాలో ఒకప్పుడు కావ్యాలకి వాడిన తుర్కీ భాషలో, రాసిన ఐదు కావ్యాలు.

ఇలాంటిది కంటపడితే బంగారు గీతలు చూసి మురిసిపోకండి. ముందు చివరి పేజీ తియ్యండి. కుడి నుంచి ఎడమకి రాసే లిపి కాబట్టి మనకి మొదటి అట్టలా కనిపించే వైపే వాళ్ళకి ఆఖరు. రాసినవాడి పేరు, ఏడాది అక్కడుంటాయి. మా తాత తాటాకు భాగవతంలోనూ అంతే, సంవత్సరం పేరు, తిథి చివరాకులోనే. ఇక్కడ లేఖకుడు సుల్తాన్ అలీ మష్హదీ, ఏడాది ముస్లిం పంచాంగం ప్రకారం హిజ్రీ 897. మన ఇంగ్లీషు ఏడాదికి మార్చాలంటే, దాన్ని 33తో భాగిస్తే సుమారు 27. ఆ 27 తీసేసి 622 కలపండి, 1492 వస్తుంది. ఒక ఏడాది అటూఇటూ కావచ్చు. నవాయీ పోయింది 1501లో, అంటే కవి బతికుండగా రాసిన ప్రతి! బొమ్మలు కూడా అప్పటివే అనుకునేరు, కొన్ని తర్వాత మొగలు దర్బారులో చేరాయి.

పద్యాన్ని పైనుంచి కిందికి చదవకూడదు. కుడి గడిలో సగం పాదం, పక్క గడిలో మిగతా సగం, అలా అడ్డంగా వెళ్ళాలి. బాబామెట్టలో ఉండే ఉర్దూ మాస్టారికి చూపిస్తే, ‘అక్షరాలన్నీ వస్తున్నాయి బాబూ, అర్థమే రావట్లేదు’ అన్నారు. మనం కన్నడ బోర్డు చదివినట్టే. మాటల చివర ‘నింగ్’, ‘దిన్’ తగులుతుంటే అది తుర్కీ అనుకోవచ్చు. మన ‘యొక్క’, ‘నుంచి’ లాంటివి అవి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. పాత రాతప్రతుల్లో కుడిచేతి పేజీ అడుగున, ఎడమ మూల, ఏటవాలుగా ఒంటరి మాట ఒకటి ఉంటుంది. పక్క పేజీ ఆ మాటతోనే మొదలవ్వాలి. అవ్వలేదంటే మధ్యలో ఆకు పోయింది, లేదా కుట్టినవాడు వరస తప్పాడు. ఫొటో అయితే పెద్దది చేసి చూడండి.

ఇది నాకు తెలిసిన తీరు చెప్పుకోవాలంటే సిగ్గు. ఒకాయన తెచ్చిన పాత ఉర్దూ రాతపుస్తకానికి అంచులు చిరిగాయని కటింగు మిషనులో పెట్టి అరంగుళం లేపేశాను. కుట్టు విప్పేసి ఉన్న పుస్తకం, పేజీ నంబర్లు లేవు. ఆ మాటలన్నీ కింద చెత్తలో పడ్డాయి. మాస్టారు చదివి వరస చెబుతుంటే రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో నంబర్లు వేశాను. కూలి తీసుకోలేదు. ఇప్పుడు రాతపుస్తకం వస్తే కటింగు మిషను మీద గుడ్డ కప్పేస్తాను.